తిట్లు ఆగిపోయిన హాలు

జనం సైలస్‌ను తిట్టడం మానేశారు. అతని పతనం అక్కడ మొదలైంది.

అట్లాంటా దాటి కొండల వైపు పోయే దారిలో చిన్న చిన్న ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళలో శనివారం శనివారం కుస్తీలు ఆడించే కంపెనీ ఒకటుంది. టీవీలో కనిపించే పెద్ద కంపెనీ కాదు. సైన్యం వదిలేసిన పాత ఆర్మరీ హాళ్ళలో, హైస్కూలు జిమ్‌లలో, కౌంటీ సంతల్లో రింగు వేసి, చుట్టూ మడత కుర్చీలు పరిచి ఆడించే కంపెనీ. ఊరు మారినా వెంట తిరిగి చూసే జనం చాలావరకు వాళ్ళే. ఎవరు గెలవాలో, ఎవరు ఓడాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ సంగతి కుర్చీలో కూర్చున్న పసివాడికి కూడా తెలుసు. గెలుపు అబద్ధం. కింద పడితే తగిలే దెబ్బ మాత్రం నిజం. జనం తిట్టే తిట్టూ నిజం. ఆ తిట్టును వాళ్ళు హీట్ అంటారు. హీట్ ఉన్నంతకాలం చెడ్డవాడికి బతుకు ఉంటుంది.

సైలస్ చెడ్డవాడు.

నిజానికి అతను అల్ఫారెట్టా తెలుగు చర్చిలో పదిహేనేళ్ళు కీబోర్డు వాయించినవాడు. ఐదేళ్ళ వయసులో బాపట్ల నుంచి వచ్చాడు. తండ్రి దైవాశీర్వాదానిది డేటాబేస్ పని. తల్లి కరుణమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద దిక్కు. సైలస్ కాలేజీ మధ్యలో వదిలేశాడు. పొద్దున పూట ఒక జిమ్‌లో ఉద్యోగస్తులకు బరువులెత్తడం నేర్పుతాడు. శనివారాలు కుస్తీ పడతాడు. ఇప్పుడు ముప్పై దాటాయి.

మొదటి ఆరేళ్ళూ ఓడాడు. ఓడడం అతని పని. ఒకసారి తలకు తలపాగా చుట్టారు. ఒకసారి పాములబుట్ట చేతికిచ్చారు. బుట్టలో పాము లేదు. చూసేవాళ్ళకు భయమూ వేయలేదు, నవ్వూ రాలేదు. ఎవడో ఒక ఊరి మొనగాడు వచ్చి, ఎత్తి పడేసి, మీద కాలు పెట్టి ఫోటో దిగి వెళ్ళేవాడు. సైలస్ లేచి చెమట తుడుచుకుని, దుస్తుల గదిలో అందరికీ వరసగా చేయి కలిపి, కారెక్కి ఇంటికి వచ్చేవాడు. పెద్దవాళ్ళతో మొదలుపెట్టి గదిలో అందరికీ చేయి కలపడం ఆ వృత్తిలో మర్యాద. ఆరేళ్ళూ అతనే ఒకరి దగ్గరికి వెళ్ళి చేయి చాచాడు. అతని దగ్గరికి ఎవరూ రాలేదు.

ఒకనాడు భోజనాల దగ్గర దైవాశీర్వాదం అమెరికాలో తన మొదటి ఉద్యోగం సంగతి చెప్పాడు. అడగకుండా చెప్పాడు. చేపల పులుసు బాగా కుదిరినప్పుడు అతనికి పాత సంగతులు గుర్తొస్తాయి.

"రాండీ అని ఉండేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. రెండు వారాలు పక్కన కూచోబెట్టుకుని నేర్పాడు. మూడో వారం ఆయన పని నాకిచ్చారు, ఆయన అట్టపెట్టెలో సామాను సర్దుకున్నాడు. లిఫ్టు దాకా నేనే తోడెళ్ళా. థాంక్యూ అన్నాడ్రా. నాకు."

"నీకేమనిపించింది, నాన్నా?"

"ఏమనిపిస్తది? సోమవారం డ్యూటీకి పోయా."

సైలస్ ఆ మాట పట్టుకున్నాడు. తరవాత తండ్రి పాత ఆఫీసు బ్యాడ్జీ, లాప్‌టాప్ సంచీ అడిగి తీసుకున్నాడు. "దేనికిరా?" అన్నాడు తండ్రి. "వర్క్‌కి" అన్నాడు కొడుకు.

ఆ వారం ఆట ఒక తివాచీల మిల్లు మూతపడ్డ ఊళ్ళో. సైలస్ తెల్లచొక్కా, టై వేసుకుని, మెడలో బ్యాడ్జీ వేలాడేసుకుని, చంకలో ఖాళీ అట్టపెట్టె పెట్టుకుని రింగులోకి వచ్చాడు. మైకు తీసుకున్నాడు. తన పేరు కన్సల్టెంట్ అన్నాడు.

"మీ పని నేర్చుకోడానికి నాకు రెండు వారాలు చాలు. నాకు నేర్పేది కూడా మీరే" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆఫీసులో మాట్లాడినట్టు, మర్యాదగా, నవ్వు మొహంతో అన్నాడు.

హాలులో కుర్చీల కాళ్ళు నేలకు కొట్టుకున్నాయి. ఒక ముసలావిడ ఉడకబెట్టిన వేరుశెనక్కాయల సంచీ విసిరింది. ముందు వరసలో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు లేచి, మెడ నరాలు తేలేలా, "పో! వచ్చిన చోటికి పో!" అని అరిచాడు. ఆయన ఆ మిల్లులో సగం జీవితం పనిచేసినవాడు. సైలస్ ఆనాడు గెలిచాడు. కిందపడ్డవాడి గుండె మీద అట్టపెట్టె పెట్టి, "సామాను సర్దుకో" అన్నాడు. పోలీసుల తోడు లేకుండా ఆ రాత్రి కారు దాకా వెళ్ళలేకపోయాడు.

అతని జీవితంలో అంతకంటే సంతోషమైన రోజు లేదు.

ఎవరు గెలవాలో రాసేవాడి పేరు డారెల్. ఆ మనిషిని బుకర్ అంటారు. తనూ ఒకప్పుడు కుస్తీ పట్టినవాడే. మెడ విరిగి అతుక్కుంది. ఇప్పుడు తిరగదు. ఎవరినైనా చూడాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాలి. అందుకని ఊరికే ఎవరినీ చూడడు. ఆ రాత్రి డారెల్ కుర్చీలోంచి లేచి, పాదాలు కదిపి, ఒళ్ళంతా సైలస్ వైపు తిప్పాడు.

"ఆరేళ్ళు ఎక్కడ దాచావురా దీన్ని?" అన్నాడు.

అక్కణ్ణించి అంతా ఎక్కుడే. పోస్టరు మీద అడుగున చీమంత ఉన్న పేరు మెల్లగా పైకి పాకింది. అతను వచ్చేటప్పుడు మోగడానికి ఫోన్ రింగుటోన్ లాంటి సంగీతం కట్టించారు. ఆ రెండు స్వరాలు వినపడితే చాలు, హాలంతా లేచేది. దుస్తుల గదిలో పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు వచ్చి చేయి కలపసాగారు. దీన్ని పుష్ అంటారు. కంపెనీ వెనక నిలబడి నెట్టడం. నెట్టే చేయి వీపుకు తగులుతూ ఉంటుంది కాబట్టి ఎక్కేవాడికి మెట్లు కనపడవు.

ఏప్రిల్‌లో డారెల్ మాట ఇచ్చాడు. "అక్టోబరు సంతలో ఛాంపియన్ బెల్టు నీది. ఫ్లోరిడా నుంచి పెద్ద కంపెనీ మనిషిని పిలుస్తాను. నిన్ను చూడ్డానికి."

సైలస్‌కు కావలసింది అదే. అది తప్ప ఇంకేమీ లేదు. ముప్పై దాటినవాణ్ణి పెద్ద కంపెనీ రెండుసార్లు చూడదు. మోకాలు అప్పటికే మెట్లు దిగేటప్పుడు మాట్లాడుతోంది.

కరుణమ్మకు ఇవేవీ తెలియవు. కొడుకు శనివారాలు ఏవో జిమ్ పోటీలకు పోతాడనుకునేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి పిల్లవాడు నీల్ ఫోన్ తెచ్చి ఆవిడ మొహం ముందు పెట్టాడు. "ఆంటీ, సైలస్ అన్న ఈజ్ సో ఫేమస్! లుక్!"

ఆవిడ చూసింది. తెల్లచొక్కాలో తన కొడుకు. చుట్టూ వందలమంది తెల్లవాళ్ళు. పో, పో అని అరుపులు. ఎవరో ఏదో విసిరారు. అది వాడి భుజానికి తగిలింది. కొడుకు నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆవిడకు కనపడలేదు.

"ఏందిరా ఇది, సైలసూ?" అంది ఇంటికొచ్చాక. "ఎవరు వాళ్ళు? ఎందుకు తిడతన్నారు నిన్ను?"

"ఇట్స్ ఎ షో అమ్మా. వాళ్ళు బూ చేయాలి, బూ అని అరిచి తిట్టాలి. అదే నా జాబ్."

"తిట్టించుకోడం జాబా?"

"యా. ఎక్కువ తిట్టించుకుంటే ప్రమోషన్."

"మీ నాన్న ఇన్నేళ్ళూ తిట్టించుకోకుండానే తెచ్చుకున్నాడు ప్రమోషన్."

దైవాశీర్వాదం పెరుగన్నం కలుపుకుంటూ, "తిట్టించుకోకుండా అని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

కరుణమ్మ నవ్వలేదు. "అంతమంది తిట్టేచోట నా బిడ్డను దీవించడానికి ఒక్క నోరు కూడా లేకపాయె" అంది. ఆ మాటతో ఆవిడకు పని దొరికింది.

మరుసటి శనివారం చర్చి వ్యాన్ వచ్చింది. స్త్రీల సమాజమంతా తెల్లచీరలతో దిగింది. రెండో వరసలో బారుగా కూర్చున్నారు. కరుణమ్మ ఒళ్ళో స్టీలు డబ్బా. డబ్బాలో జంతికలు.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. డబ్బా మూత తీస్తే పక్కవాళ్ళకు పెట్టకుండా తినరు. రైల్లో తినరు, ఆస్పత్రిలో తినరు, విమానంలో కూడా తినరు. కరుణమ్మ తల్లి అంతే, ఆ తల్లి తల్లీ అంతే. ఆవిడ మూత తీసి ముందు వరసలోకి వంగింది. ఆకుపచ్చ టోపీ పెద్దమనిషి భుజం తట్టింది.

"టేక్, టేక్. రైస్ ఫ్లోర్. నో స్పైసీ."

ఆయన ఒకటి తీసుకున్నాడు. తిన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. అంతలో ఫోన్ మోగినట్టు ఆ రెండు స్వరాలు మోగాయి. తెర తొలగింది. కరుణమ్మ లేచి నిలబడి, చేయెత్తి, "మై సన్!" అంది. "దట్ ఈజ్ మై సన్!"

టోపీ పెద్దమనిషి అరవడానికి నోరు తెరిచి ఉన్నాడు. వెనక్కి తిరిగి ఆవిడను చూశాడు. నోట్లో జంతిక ఉంది. నోరు మూసుకుని నమిలాడు.

సైలస్ రింగులోంచి అది చూశాడు. హాలులో తక్కినవాళ్ళు అరుస్తూనే ఉన్నారు. కానీ ఆ అరుపు అంచున ఒక చోట చిన్న చిల్లు పడింది. అది అతనొక్కడికే వినపడింది.

మరుసటి వారం ఆ చిల్లు పెద్దదైంది. వ్యాన్ ప్రతి శనివారమూ వచ్చింది. కరుణమ్మ డబ్బా రెండో వరస దాటి నాలుగో వరసకు పాకింది. వేరుశెనక్కాయలు విసిరిన ముసలావిడ ఒక సంచీ నిండా కాయలు తెచ్చి కరుణమ్మకిచ్చింది. ఒకరి మనవరాలికి జబ్బు అంటే తెల్లచీరలు చుట్టూ చేరి అక్కడికక్కడే ప్రార్థన చేశాయి. టోపీ పెద్దమనిషికి మోకాలి ఆపరేషన్ అంటే కరుణమ్మ ఆ మోకాలి పేరు చర్చి ప్రార్థనల్లో ఎక్కించింది. సైలస్ చిన్నప్పుడు కీబోర్డు వాయించేవాడని, చీకటంటే భయమని, బెండకాయ తినడని ఆ ఊళ్ళన్నింటికీ తెలిసిపోయింది.

సైలస్ మైకులో, "మీ పని నేర్చుకోడానికి నాకు రెండు వారాలు చాలు" అంటే, హాలులో ఎవరో, "బెండకాయ తినడం నేర్చుకో ముందు!" అన్నారు. అందరూ నవ్వారు. కిందపడ్డవాడి గుండె మీద పెట్టె పెడితే, "మీ అమ్మ చూస్తోంది సైలస్!" అని అరిచారు. మళ్ళీ నవ్వు.

తిట్టును తట్టుకోవచ్చు. తిట్టు మీద నిలబడవచ్చు. నవ్వు మీద నిలబడడానికి చోటు లేదు. అందులో ద్వేషం లేదు, ప్రేమ కూడా లేదు. పక్కింటి పిల్లవాడు వేషం కట్టుకుని గుమ్మంలో నిలబడితే పెద్దలు నవ్వే నవ్వు అది.

జూన్ చివర డారెల్ అతన్ని పిలిచాడు. అప్పటికింకా ఒళ్ళు తిప్పే మాట్లాడాడు.

"ప్రేమైతే అమ్ముకుంటాను. ద్వేషమైతే అమ్ముకుంటాను. మంచి కుర్రాడు, పాపం అన్నదాన్ని నేనేం చేసుకోను?"

"నన్ను మంచివాణ్ణి చేయండి. జనం ఎలాగూ—"

"మంచివాడి చోటు ఖాళీ లేదు. కోల్బీ ఉన్నాడు." కోల్బీ ఇరవై రెండేళ్ళ వాడు. కోళ్ళ ఫారంలో పెరిగాడు. ఎత్తుగా, లేతగా, అందంగా ఉంటాడు. "చూడు, మీ అమ్మను రావద్దను. లేదా నాకివ్వు. ఆవిడ చేతిలో డబ్బా ఒక రాత్రి కోల్బీకి శత్రువు వేషం కట్టేవాడెవడైనా నేలకేసి కొడతాడు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నువ్వు పరిగెత్తుకొస్తావు. హాలు నీదవుతుంది. అప్పుడు కోల్బీ సంగతి తరవాత చూద్దాం."

"ఆవిడకు చెప్పి చేయిస్తారా?"

"చెబితే కళ్ళనీళ్ళు రావు" అన్నాడు డారెల్.

సైలస్ వద్దన్నాడు. ఆలోచించకుండా అన్నాడు. ఆ తరవాత చాలా రోజులు ఆలోచించాడు.

రావద్దని చెప్పడమొక్కటే మిగిలింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం జిమ్ నుంచి తిన్నగా తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ పొయ్యి ముందు నిలబడి జంతికల గొట్టం తిప్పుతోంది. నూనెలో పిండి చుట్టలు చుట్టలుగా పడుతోంది. రేపటి కోసం. ఈసారి డబ్బాలు రెండు.

"అమ్మా, రేపు రావద్దు."

"ఎందుకయ్యా? నేనొస్తే నీకు నామోషీనా?"

"నో అమ్మా. నో. అది కాదు." అతని తెలుగు అక్కడికి వచ్చి ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ అంతే. తేలిక మాటలు తెలుగులో వచ్చేవి, బరువు మాటలకు ఇంగ్లీషు కావాలి. బరువు మాట ఇంగ్లీషులో చెబితే తల్లికి దెబ్బలా తగులుతుంది. "ఓకే. రా. బట్ వాళ్ళతో పాటు బూ చేయి నన్ను."

"నిన్ను?"

"యా. గట్టిగా."

"దీవించే నోటితో నిన్ను ఛీ అనమంటావా? నాకు చేతకాదు నాన్నా."

"అయితే ఆ జంతికలు వాళ్ళకి పెట్టకు. ప్లీజ్. మీరే తినండి."

కరుణమ్మ గొట్టం పక్కన పెట్టి కొడుకు వైపు చూసింది. ఛీ అనమన్నప్పుడు కూడా ఆవిడ అంత తెల్లబోలేదు. "పక్కన మనుషుల్ని పెట్టుకుని మేమే తినాలా?" అంది. "ఇది నేను నేర్పింది కాదురా." తరవాత జల్లిగరిటెతో వేడివేడిగా ఒక చుట్ట తీసి పళ్ళెంలో పెట్టి అతని ముందుకు తోసింది. అతను తిన్నాడు. అలా మూడుసార్లు చెప్పబోయాడు. మూడుసార్లూ తిని వచ్చాడు.

పైకి నెట్టినవాణ్ణి చల్లార్చడం ఎవరూ చెప్పి చేయరు. ఒక వారం మైకు పనిచేయడం లేదన్నారు. మరుసటి వారం పనిచేసింది గాని అతని చేతికి రాలేదు. ఆ రెండు స్వరాల సంగీతం, అతను రింగు చేరకముందే ఆగిపోసాగింది. చివరి ఆట నుంచి విరామం ముందుకు, విరామం ముందు నుంచి రెండో ఆటకు జరిగాడు. గెలుపులు ఓటములయ్యాయి. కారణం లేని ఓటములు, ఎవరికీ గుర్తుండనివి. పోస్టరు మీద పేరు దిగడం మాత్రం ఎక్కినంత మెల్లగా జరగలేదు. దుస్తుల గదిలో చేయి కలపడానికి మళ్ళీ అతనే తిరిగాడు. వాళ్ళు మర్యాదగానే కలిపారు. ముందుకంటే మెత్తగా కలిపారు.

ఆగస్టులో ఒకరోజు అతను డారెల్ కుర్చీ పక్కన నిలబడి, "అక్టోబరు సంగతి..." అన్నాడు. డారెల్ ఎదురుగా గోడ వైపు చూస్తూ, "చూద్దాం, మాట్లాడదాం" అన్నాడు. ఒళ్ళు తిప్పలేదు. కళ్ళు మాత్రం కొద్దిగా పక్కకు జరిగి మళ్ళీ గోడ మీదికి వెళ్ళాయి.

ఆ ఆదివారం దైవాశీర్వాదం కొడుకును కారెక్కించుకుని ఊరికే తిప్పాడు. అల్ఫారెట్టాలో తను పనిచేసిన అద్దాల భవనం పక్కగా పోయాడు.

"మా దాంట్లో బెంచ్ అంటార్రా దీన్ని" అన్నాడు. "కుర్చీ ఉంటది. బ్యాడ్జీ పనిచేస్తది. పని మాత్రం ఇవ్వరు. ఎవరూ ఏమీ అనరు. గుడ్ మార్నింగ్ కాస్త మెత్తగా చెప్తారు, అంతే. అప్పుడు తెలిసిపోద్ది."

"నువ్వేం చేశావ్, నాన్నా?"

"నేనూ మెత్తగా గుడ్ మార్నింగ్ చెప్పా." కొంచెం దూరం పోయాక మళ్ళీ అన్నాడు. "మీ అమ్మకు నేను చెప్పనా?"

సైలస్ వద్దనలేదు. ఆ వద్దనకపోవడం అతనికి తరవాత చాలాకాలం గుర్తుంది.

దైవాశీర్వాదం ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో సైలస్‌కు తెలియదు. సెప్టెంబరంతా వ్యాన్ రాలేదు. హాలులో రెండో వరస ఖాళీగా ఉంది. అతను ఆశపడ్డాడు. ఆ మొదటి శనివారం తెర వెనక నిలబడి, ఆ రెండు స్వరాలు మోగగానే చెవులు రిక్కించాడు. బయట ఎవరూ అరవలేదు. నవ్వూ లేదు. మడత కుర్చీలో ఎవరో ఫోన్ చూసుకుంటున్నారు. అతను రింగులోకి దిగేసరికి టోపీ పెద్దమనిషి దగ్గరికి వచ్చి, తాళ్ళ మీదుగా, "అమ్మకు బాగాలేదా?" అని అడిగాడు.

ద్వేషం చల్లారితే మళ్ళీ రాజుకోదు. అతనికి ఆ సంగతి అప్పుడు అర్థమైంది. మనిషి పేరు తెలిశాక, తల్లి తెలిశాక, వాణ్ణి తిట్టడానికి జనం కొత్తగా పుట్టాలి.

అక్టోబరు సంత శనివారం మధ్యాహ్నం. ఎండ పల్చగా ఉంది. ఒక పక్క పందుల పరుగుపందెం, ఒక పక్క గుమ్మడికాయల తూకం. మధ్యలో రింగు. ఆట పట్టీ మీద సైలస్ పేరు మొట్టమొదటి ఆటలో ఉంది. సాయంత్రం బెల్టు ఆట కోల్బీది. అంతకుముందు కోల్బీ ఎవరో ఒకణ్ణి కొట్టి వేడెక్కాలి. ఆ ఒకడు సైలస్.

"రెండు నిమిషాలు. శుభ్రంగా" అన్నాడు డారెల్, గోడ లేదు కనక డేరా గుడ్డ వైపు చూస్తూ.

"పెట్టె తీసుకెళ్ళనా?"

"పెట్టె వద్దులే ఇవాళ."

కోల్బీ వచ్చి చేయి చాచాడు. "నీ మీద నాకు చాలా గౌరవం, బాస్" అన్నాడు. మంచి కుర్రాడు. నిజంగానే అన్నాడు. సైలస్ అతని చేయి మెత్తగా పట్టుకుని వదిలాడు.

బయటికి వచ్చి చూస్తే రెండో వరసలో కరుణమ్మ. పక్కన దైవాశీర్వాదం. సమాజం వాళ్ళెవరూ లేరు. ఆవిడ ఒళ్ళో డబ్బా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర కొంగు పట్టుకుని కూర్చుంది. ఫ్లోరిడా నుంచి వచ్చినాయన కోసం వేసిన కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఆయన ఎక్కడో గుమ్మడికాయల దగ్గర ఉన్నాడు.

గంట కొట్టారు. సైలస్ ఇంకా తాళ్ళ దగ్గరే ఉన్నాడు. అప్పుడు కరుణమ్మ లేచి నిలబడింది. కళ్ళు మూసుకుంది. పాట ఎత్తుకునే ముందు చర్చిలో నిలబడే తీరున నిలబడి, నిండు గొంతుతో, "బూ!" అంది.

సంతలో ఆ మూలంతా తిరిగి చూసింది. ఆ అరుపు ఒంటరిగా పోయి డేరాలకు తగిలి తిరిగొచ్చింది. ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ, "బూ!" అంది. "బ్యాడ్ బాయ్! గో! గో హోమ్!"

ఎవరూ కలవలేదు. ఎక్కడో ఒకరిద్దరు అయ్యో అన్నట్టు చప్పరించారు. ఆకుపచ్చ టోపీ పెద్దమనిషి వెనక్కి తిరిగాడు. మోకాలు బాగైంది కాబోలు, తేలిగ్గా లేచి నిలబడి ఆవిడ చేతి మీద చేయి వేశాడు.

"అంత మాట అనకండమ్మా. మీవాడు మంచి కుర్రాడు."

"నో, నో" అంది కరుణమ్మ. కళ్ళు ఇంకా మూసుకునే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. "ప్లీజ్. యూ ఆల్సో. బూ."

సైలస్ అదంతా చూస్తూ నిలబడిపోయాడు. కోల్బీ వచ్చి నడుం పట్టి ఎత్తాడు. ఎత్తేవాడికి సాయంగా తనే కాస్త ఎగరాలి. ఆ మర్యాద ఒళ్ళు మరిచిపోలేదు. ఎగిరాడు. ఆకాశం, డేరా, ఆకాశం. వీపు చెక్కకు తగిలింది. ఓటమి లెక్కపెడుతూ రెఫరీ చేయి నేల మీద మూడుసార్లు పడింది. మూడు దెబ్బల మధ్యా ఆ గొంతు వినపడుతూనే ఉంది.

సాయంత్రం ఆట వాళ్ళు చూడలేదు. పార్కింగు గడ్డి మీద కారు దాకా ముగ్గురూ నడిచారు. కరుణమ్మ ముందు సీట్లో కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగింది. గొంతు బొంగురు పోయింది.

"మీ నాన్న చెప్పాడ్రా. అంతా నా వల్లేనంటగా. బాగా అరిచానా?"

"బాగా అరిచావమ్మా."

"గట్టిగా వినపడిందా నీకు?"

"వినపడింది."

"అలవాటు లేదుగా. వచ్చే వారానికి ఇంకా బాగా అరుస్తాలే" అంది. "ఇంట్లో అరిచి చూసుకుంటా."

దైవాశీర్వాదం తాళం తిప్పాడు. వచ్చే వారం పోస్టరు డేరా గుడ్డకు అప్పటికే అతికించి ఉంది. సైలస్ వచ్చేటప్పుడు దాన్ని పైనుంచి కింద దాకా చదివాడు. అడుగున చీమంత అక్షరాల్లో కూడా అతని పేరు లేదు.

"సరే అమ్మా" అన్నాడు. "అలాగే రా."